రెండో తూటా

కిందటి వారం హెలెన్‌ని ఆర్డీఓ గారి గదిలో, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడి ఉండగా వదిలిపెట్టాం. ఆమె అక్కడికి దయ అడగడానికి వెళ్లలేదు. దయ అడిగే ఓపిక ఎప్పుడో అయిపోయింది. తన భర్త చెబుతున్న ఒక్క మాట నిజమో అబద్ధమో సరైన పద్ధతిలో తేల్చమని అడగడానికి వెళ్లింది.

ఆ మాట మీకు గుర్తుండే ఉంటుంది. "ఒక్కసారే నొక్కాను హెలెన్."

ఆరోన్ ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబులు. గోదావరి మధ్యలో గువ్వలలంక దగ్గర దొంగ ఇసుక తోడుతున్న పడవల మీద ఒక తెల్లవారుజామున దాడి జరిగింది. ఆగమన్నా ఆగని పడవ ముందు, నీళ్లలోకి ఒక్క రౌండు కొట్టి బెదిరించమన్నాడు రిజర్వ్ ఎస్సై కిరణ్. ఆరోన్ కొట్టాడు. పేలినవి రెండు. మొదటిది చెప్పినట్టే నీళ్లలో పడింది. ఆ అదురుకి తుపాకీ గొట్టం పైకి లేచింది, రెండోది పడవలో నిలబడి ఉన్న గంగాధర్ ఛాతీలో దిగింది. ఒడ్డుకి చేర్చేసరికే ప్రాణం పోయింది.

ఆరోన్ చేతిలో ఉన్నది ఎస్.ఎల్.ఆర్. రైఫిలు. ఒకటి పేలగానే తర్వాతి తూటా దానంతట అదే లోపలికి ఎక్కుతుంది, కానీ ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే గానీ పేలదు. కాబట్టి రెండు పేలాయంటే రెండుసార్లు నొక్కాడన్నమాటే అని లోకమంతా తీర్మానించేసింది. పైగా దాడికి కొన్నాళ్ల ముందు ఇదే గంగాధర్ ఇసుక ర్యాంపు దగ్గర ఆరోన్‌ని నలుగురిలో నీళ్లలోకి తోసేశాడు. ఇంకేం కావాలి? కక్ష అన్నారు. కేసు పెట్టారు. జైల్లో పెట్టారు. రైఫిలుని రెండుసార్లు పరీక్షించి, దానిలో ఏ లోపమూ లేదని తేల్చారు. ఆ రెండు పరీక్షలూ చేసింది మధ్యాహ్నం భోజనాలయ్యాక, మంచి ఎండలో.

జైలు ములాఖత్‌లో ఆరోన్ ఒకమాట అన్నాడు. ఆ రోజు తూటా ఎక్కించడానికి బోల్టు లాగుతుంటే ఎందుకో బరువుగా కదిలిందని. హెలెన్ అంగన్‌వాడీలో పాఠాలు చెప్పుకునే మనిషి, తుపాకుల సంగతి ఆమెకేం తెలుసు? కానీ ఆ ఒక్క మాటా పట్టుకుంది. "మా ఆయన పేల్చింది మిట్టమధ్యాహ్నం కాదు మేడమ్. రాత్రంతా మంచులో ఉన్న తుపాకీ అది. అదే చోట, అదే చలిలో పేల్చి చూడండి. ఒక్కటే పేలితే ఇంక మీ గుమ్మం తొక్కను," అంది. ఆర్డీఓ హారతి గారు ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, కలం తీశారు.

ఆ పరీక్ష ఈ రోజే.

పోలీసు క్వార్టర్స్‌లో కోళ్లు కూడా లేవని వేళకి హెలెన్ లేచింది. ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చిన ఇల్లది. పక్కింటివాళ్లు పలకరింపు మానేసి నెల దాటింది. మొన్నటిదాకా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఆడవాళ్లే ఇప్పుడు ఆమె కుళాయి దగ్గరికి వస్తే బిందె తీసుకుని వెళ్లిపోతున్నారు. పోనీలే అనుకునే గుణం హెలెన్‌ది కాదు. ఒక్కొక్కరి ముఖమూ గుర్తుపెట్టుకుంటోంది.

తల దువ్వుకుందామని గూట్లో నూనె సీసా తీసి ఒంపింది. చుక్క రాలేదు. చలికి తెల్లగా గడ్డకట్టి కూర్చుంది. స్టవ్ మీద వెచ్చబెట్టే తీరిక లేక, పుల్లతో గోకి, అరచేతుల్లో రుద్దుకుని తలకి పట్టించింది. పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. సొంత చెట్ల కాయలు గానుగాడించి, మెంతులూ కరివేపాకూ వేసి, చివర్లో వట్టివేళ్లు వేసి కాచే నూనె అది. వట్టివేళ్లు వెయ్యడం వాళ్ల అమ్మమ్మ పద్ధతి. ఆ ఇంట్లో తలకీ అదే నూనె, కాలిన వేలికీ అదే, కిర్రుమనే తలుపు బందుకీ అదే. కోనసీమ పిల్లని చేసుకున్నాక ఇంట్లో మందుల డబ్బా అక్కర్లేకపోయిందని ఆరోన్ ఆటపట్టించేవాడు.

అతను క్యాంపుకి వెళ్లేటప్పుడు సంచిలో ఒక సీసా పెట్టడం ఆమె అలవాటు. అరెస్టు తర్వాత ఆ సంచి ఇంటికి తిరిగి వచ్చింది. దుప్పటి, బైబిలు, సీసా. సీసా అడుగంటిపోయి ఉంది. పడవల మీద దాడికని కాపు కాసిన ఒక్క రాత్రి క్యాంపుకి అంత నూనె ఏం రాసుకున్నాడో మహానుభావుడు అని ఆ రోజు ఒక్క క్షణం అనుకుంది. ఆ తర్వాత ఏడుపులో ఆ సంగతి మర్చిపోయింది.

రేవులో మంచు దట్టంగా ఉంది. ఆర్డీఓ గారూ సిబ్బందీ మోటారు బోటులో ముందే వెళ్లిపోయారు. మిగిలింది ఒక్క నాటుపడవ. అందులో గొంగళి కప్పుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లాక గానీ హెలెన్ పోల్చుకోలేదు. వీరమ్మ. చనిపోయిన గంగాధర్ తల్లి. పరీక్షకి రమ్మని ఆమెకీ కబురు వెళ్లింది.

హెలెన్ కాళ్లు రేవు మెట్టు మీదే ఆగిపోయాయి.

"వేరే పడవ లేదండి. మీరు వద్దంటే ఇది తిరిగొచ్చేదాకా ఆగుతాను," అంది.

"గోదారి నాది కాదుగా. ఎక్కు," అంది వీరమ్మ.

పడవ కదిలింది. ఎదురుగాలికి హెలెన్ జడ వీపు మీద నిలవడం లేదు. వీరమ్మ ఆమెని కిందనుంచి పైదాకా చూసింది.

"బాగానే తయారయ్యేవు. తలకి నూనె పట్టించి, జడేసుకుని. పూలొక్కటే తక్కువ. వట్టేళ్ల వాసన గుప్పుమంటంది."

హెలెన్ తగ్గలేదు. "జుట్టు విరబోసుకుని వస్తే మీ అబ్బాయి తిరిగొస్తాడాండీ?"

అనేశాక నాలుక్కరుచుకుంది. పడవవాడు తెడ్డు వెయ్యడం ఒక్క క్షణం ఆపాడు. వీరమ్మ మాత్రం చలించలేదు. ఇంతకంటే పెద్ద దెబ్బలు తిన్న మనిషి.

"రాడు. ఆ సంగతి నాకు నువ్వు సెప్పక్కర్లేదు," అంది. "నువ్వెందుకొత్తన్నావో కూడా నాకు తెలుసు. తప్పు మొగుడిది కాదు, తుపాకీదని సెప్పించడానికి. సెప్పించుకో. నేనొద్దంటే ఆగుతావా ఏంటి?"

"ఆయన ఒక్కసారే నొక్కారండి."

"ఆయ్. మా ఓడూ ఒక్కసారే సచ్చిపోయాడు."

వీరమ్మ నీళ్లలోకి చూస్తూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"పొద్దున్నే కళ్లు తెరవగానే నీ మొగుణ్ణి తిట్టుకుంటానమ్మా. ముఖం కడుక్కోకముందే. ఆడి సేతులు పడిపోవాలని, ఆడి కొంప కూలిపోవాలని. ఆ తిట్టు నోట్లో పడితే గానీ మంచం మీంచి లేవబుద్దేయదు. అన్నం దిగదు. ఇప్పుడు నువ్వొచ్చి, ఆడిది తప్పు కాదు, ఇనప ముక్కది తప్పంటావు. అదే నిజమైతే రేపొద్దున్న లేచి నేనెవర్ని తిట్టుకోవాలి? ఇనప ముక్కనా?"

నెలన్నరగా హెలెన్ ఎంతమందికో జవాబులు చెప్పింది, ఎంతమంది నోళ్లో మూయించింది. ఈ ముసలామె ముందు మాత్రం లంక వచ్చేదాకా కొంగు బిగించి కప్పుకుని కూర్చుంది.

గువ్వలలంకలో ఇసుక గుట్ట ఒకదాని ముందు అట్టముక్క పాతారు. ఇటువైపు బల్ల. బల్ల మీద ఆరోన్ రైఫిలే, రాత్రంతా కాపలా మధ్య ఆరుబయట ఉంచిందే. దాని మీద మంచు బిందువులు తడితడిగా మెరుస్తున్నాయి. హారతి గారు శాలువా కప్పుకుని నిలబడి ఉన్నారు. ఆమె గుమాస్తా ఫోనులో వీడియో తీస్తున్నాడు.

తుపాకీ పేల్చాల్సింది హెడ్ కానిస్టేబుల్ శివరామకృష్ణ. రిజర్వులో తుపాకులు బాగుచేసే ఆర్మరర్. లోపం లేదని వెనక రెండుసార్లూ సంతకం పెట్టింది ఆయనే. ఆ సంతకాన్నే అనుమానిస్తున్నారన్న ఉక్రోషం ఆయన మీసాల్లో కనబడుతోంది.

"పెళ్లికి ముహూర్తం పెడతారు, గృహప్రవేశానికి పెడతారు. తుపాకీకి పెట్టడం ఇదే చూడటమండి," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

రిజర్వ్ ఎస్సై కిరణ్ జాకెట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని నవ్వాడు. "ఎందుకమ్మా నీకీ శ్రమ? మధ్యాహ్నం బుద్ధిగా ఉన్న రైఫిలు పొద్దున్న దారి తప్పుద్దా?" అన్నాడు హెలెన్‌తో. "మేడమ్, టీ తెప్పించాను, ముందు తాగండి."

"ముందు పని కానివ్వండి," అన్నారు హారతి గారు.

శివరామకృష్ణ తూటాల మ్యాగజైను ఎక్కించాడు. బోల్టు లాగుతూ ఒక్క క్షణం ఆగాడు. చేతికి ఏదో తేడా తగిలినట్టుంది. మళ్లీ లాగాడు. రైఫిలు భుజానికి ఆనించి, అందరికీ కనబడేలా చూపుడువేలు ఒకసారి చాచి, ట్రిగ్గర్ మీద పెట్టాడు. నొక్కాడు.

రెండు పేలాయి.

మొదటి చప్పుడు చెవుల్లో నుంచి పోకముందే రెండోది. ఇసుకలో మేస్తున్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. హెలెన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రభువా, అంది లోపల. నెలన్నరగా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉన్న బరువు ఒక్కసారి లేచిపోయినట్టయింది.

"వేలు వణికింది మేడమ్," అన్నాడు కిరణ్ వెంటనే. "చలి కదా. పెద్దాయన. రెండుసార్లు పడింది."

శివరామకృష్ణ నెమ్మదిగా ఇటు తిరిగాడు. "ఎవరి వేలు సార్? నాదా?"

"తప్పుగా అనుకోకండి, మనిషన్నాక..."

"ఇంకోసారి కొట్టండి," అన్నారు హారతి గారు.

కొట్టాడు. ఒక్కటే పేలింది. మళ్లీ కొట్టాడు. ఒక్కటే. మళ్లీ. ఒక్కటే.

కిరణ్ నవ్వు వెనక్కి వచ్చింది. "అదే కదండీ నేను చెప్పింది," అన్నాడు. గుమాస్తా ఫోను దించేశాడు. హెలెన్ మంచులోకి తలెత్తి చూసింది. దేవుడు చెయ్యందించి, పట్టుకోబోయేసరికి వెనక్కి లాక్కున్నాడా? అంతకంటే ఇవ్వకుండా ఉంటే బాగుండేది. వీరమ్మ కాండ్రించి ఇసుకలో ఉమ్మింది.

అందరూ కదలబోతుంటే శివరామకృష్ణ మాత్రం కదల్లేదు. రైఫిలు మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"వేడెక్కింది," అన్నాడు.

"పేలిస్తే వేడెక్కదా ఏంటండీ?" అన్నాడు కిరణ్.

ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. "నేను రెండుసార్లూ ఎండలోనే కొట్టాను," అన్నాడు, ఈసారి హెలెన్ వైపు చూస్తూ. ఆ చూపులో ఇందాకటి ఉక్రోషం లేదు. "మేడమ్, నాకొక తడి గోనెసంచి కావాలండి. కొంచెం టైము కావాలి."

పడవవాడు గోనె తెచ్చాడు. గోదావరిలో ముంచి, పిండకుండా, తూటాలు తీసేసిన రైఫిలు నడుంభాగం చుట్టూ చుట్టి, ఇసుక గుట్ట నీడలో గాలి తగిలేలా పెట్టించాడు శివరామకృష్ణ. గోనె ఆరుతున్నట్టనిపిస్తే మళ్లీ నీళ్లు పోయించాడు. కిరణ్ తెప్పించిన టీ ఫ్లాస్కులోనే ఉండిపోయింది. అవతలి ఒడ్డున పొద్దు పొడిచింది గానీ లంక మీద మంచు ఇంకా విడలేదు.

చాలాసేపటికి శివరామకృష్ణ గోనె విప్పి, మ్యాగజైను ఎక్కించి, రైఫిలు తీసుకెళ్లి కిరణ్ ముందు నిలబడ్డాడు.

"ఈసారి మీరు కొట్టండి సార్. కుర్రవాళ్లు, మీ వేలు వణకదు."

కిరణ్ ముఖం మాడింది. "నేనెందుకు?"

"కొట్టండి," అన్నారు హారతి గారు.

కిరణ్ రైఫిలు తీసుకున్నాడు. బోల్టు లాగాడు. గుమాస్తా ఫోను అతని వేలికి దగ్గరగా పెట్టాడు. ట్రిగ్గర్ పట్టుకోవడం ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో! మెల్లగా, గట్టిగా, ఒక్కసారి నొక్కి, వేలు అలాగే అదిమిపెట్టి ఉంచాడు.

రెండు పేలాయి.

అతని వేలు ఇంకా ట్రిగ్గర్ మీద అదిమే ఉంది. వీడియోలో ఆ వేలు ఉంది, రెండు చప్పుళ్లూ ఉన్నాయి. దానికిక ఏ మాటా అడ్డం వెయ్యడానికి లేదు. శివరామకృష్ణ రైఫిలు అందుకుని, బల్ల మీద పెట్టి విప్పాడు. బోల్టు బయటికి తీసి, దాని కడుపులోంచి సన్నటి ఇనుప పిన్ను లాగాడు. పిన్ను పొడుగునా, అది కదిలే దారిలోపలా, తెల్లగా ఏదో మెత్తటిది అంటుకుని ఉంది. సగం కరిగి, సగం పేరుకుని.

"ఈ పిన్ను తూటాని కొట్టి వెంటనే వెనక్కి వచ్చెయ్యాలి మేడమ్," అన్నాడు. "చలికి ఇది గడ్డకట్టింది. కొట్టిన పిన్ను వెనక్కి రాకుండా ముందుకే అతుక్కుపోయింది. తర్వాతి తూటా ఎక్కుతూనే వచ్చి దీని మొన మీద పడింది. ట్రిగ్గర్‌తో పనే లేకుండా పేలింది. రెండు పేలాక ఆ వేడికి కరిగిపోయి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలుగా పనిచేసింది. ఎండలో కొడితే అసలు గడ్డే ఉండదు. నాకెలా దొరుకుద్ది? ఆ అబ్బాయి ఒక్కసారే నొక్కాడండి. నిజమే చెప్పాడు."

నిజమే చెప్పాడు. ఈ మాట కోసం హెలెన్ ఎన్ని మెట్లు ఎక్కింది, ఎంతమంది గుమ్మాల ముందు నిలబడింది! ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. హారతి గారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "కావాలని కాల్చాడన్న మాట ఇంక నిలవదమ్మా. నా రిపోర్టులో రాస్తాను," అన్నారు.

అప్పుడు వీరమ్మ లేచింది. ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏంటండీ ఆ తెల్లటిది?"

శివరామకృష్ణ వేలి చివరికి తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఆ వెచ్చదనానికి అది కరిగి నీరయింది. "కొబ్బరినూనె," అన్నాడు, తల దించుకుని.

"కొబ్బరినూనా?" వీరమ్మ అందరి ముఖాల్లోకీ చూసింది. "అయితే నా కొడుకుని సంపింది కొబ్బరినూనన్నమాట. ఆ మొగుడూ కాదు, ఈ ఎస్సై బాబూ కాదు, గవర్మెంటూ కాదు. కొబ్బరినూనె. మా ఇంట్లోనూ ఉంది కదండీ అది. రోజూ దీపం ఎలిగిత్తన్నాను దాంతోనే, ఆడి ఫోటో ముందు."

హెలెన్ ఏడుపు ఆగిపోయింది.

"తుపాకీలో కొబ్బరినూనె ఎవరు పోశారు?" అన్నారు హారతి గారు. గొంతు మారింది. "గన్ ఆయిల్ ఉండదా మీకు?"

"దసరా నుంచి స్టోరుకి రాలేదండి," అన్నాడు శివరామకృష్ణ. "ఏదో ఒకటి రాసుకోండ్రా, తుప్పు కనబడితే ఊరుకోనని పరేడ్‌లో అన్నది ఎవరో కిరణ్ సార్‌కి గుర్తుండాలి."

కిరణ్ గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి సమయంలో ఎటు దూకాలో అతనికి బాగా తెలుసు. "పైపైన రాసుకోమన్నాను మేడమ్, లోపల పొయ్యమనలేదు. క్యాంపుకి ముందు సాయంత్రం ఈ రైఫిలు శుభ్రంగా తుడిచి ఇచ్చింది శివరామకృష్ణ గారే. అంటే క్యాంపులోనే ఎవరో పోశారు. ఆ రాత్రి పడవల్లో చాలామంది ఉన్నారు, తుపాకులన్నీ ఒకేచోట ఆనించి ఉన్నాయి. అది ఎవరి నూనో తేలితే, వాణ్ణి మాత్రం వదలకూడదు మేడమ్. ఒక మనిషి ప్రాణం ఇది."

"వదలను," అన్నారు హారతి గారు. "తెలిసి చేసినా తెలియక చేసినా, పోసినవాడు జవాబు చెప్పాల్సిందే. ఉద్యోగం పోతుంది, కేసూ తప్పదు. ఇది ఎవరిదో ఆచూకీ తెలుస్తుందా?"

శివరామకృష్ణ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కొట్లో కొన్నది కాదండి. ఇంట్లో కాచింది. మెంతుల వాసన ఉంది. ఇంకేదో కూడా ఉంది. చల్లటి వాసన. నాలుక చివర ఉంది, పేరు రావడం లేదు."

హెలెన్‌కి ఆ పేరు తెలుసు.

గాలి ఇటే వీస్తోంది. అంత దూరం నుంచి వాసన తగలకపోయినా, ఆమెకి తగిలినట్టే అయింది. అడుగంటిన సీసా కళ్ల ముందుకొచ్చింది. దుప్పటీ, బైబిలూ, వాటి పక్కన ఖాళీ సీసా. పైపైన రాసి సరిపెట్టుకునే మనిషి కాదు ఆరోన్. కిర్రుమనే తలుపు బందుకి చుక్క వెయ్యమంటే, బందు ఊడదీసి నిండా పోసి మరీ బిగించేవాడు. తుపాకీ తన సొంత బిడ్డయినట్టు తుడుచుకునేవాడు. మంచు పడే రాత్రి, పడవలో కూర్చుని, తుప్పు పట్టకూడదని, పెళ్లాం పెట్టిన సీసా మూత తీసి, పిన్నుదాకా తడిసేలా పోసి ఉంటాడు. ప్రేమగా పోసి ఉంటాడు. అందుకే కాబోలు, బోల్టు బరువుగా కదిలిందని చెప్పాడు గానీ, నూనె సంగతి అతనికే తట్టలేదు. తన మొగుణ్ణి బయటికి తెస్తుందని తను పట్టుబట్టి తెచ్చిన చలే ఇప్పుడు తన ఇంటి గూట్లోకి దారి చూపిస్తోంది.

హెలెన్ ఒక్క అడుగు వెనక్కి వేసింది. జడ ముందుకు లాక్కుని కొంగు లోపల దాచుకుంది. ఎవరూ చూడలేదనుకుంది.

"నన్నూ సూడనివ్వండి బాబూ," అంది వీరమ్మ. "నా కొడుకుని సంపిందేదో నేనూ సూడాలి కదా."

శివరామకృష్ణ పిన్ను తుడిచిన గుడ్డపీలిక ఆమె చేతికిచ్చాడు. వీరమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరిచి, తెల్లారి తనతో ఒకే పడవలో వచ్చిన మనిషి వైపు తల తిప్పింది.

మెల్లగా నడుచుకుంటూ వచ్చి హెలెన్ ముందు ఆగింది. ఎముకల చెయ్యి చాచి, కొంగు తొలగించి, జడ బయటికి లాగింది. వంగి వాసన చూసింది. హెలెన్ ఆమెని ఆపలేదు.

"ఏంటి వీరమ్మ గారూ? ఏమైంది?" అన్నారు హారతి గారు బల్ల దగ్గర నుంచి. కిరణ్ మెడ చాచి చూస్తున్నాడు.

వీరమ్మ వెనక్కి తిరగలేదు. జడ పిడికిట్లో పట్టుకునే ఉంది. ఇద్దరికే వినబడేలా, తిట్టు లేకుండా, చాలా నెమ్మదిగా అడిగింది.

"నువ్వు సెప్తావా అమ్మా, నన్ను సెప్పమంటావా?"